ముల్టే పళ్ల తావు

"రేపు కాఫీకి రా. వచ్చేటప్పుడు ఆ నీలం బకెట్ పట్టుకురా" అని గున్‌వోర్ ఫోన్ పెట్టేసింది. మనం మార్నీని వదిలిపెట్టింది అక్కడే, ఫోన్ చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డ చోట.

వెనకటి సంగతులు మరిచిపోయినవాళ్ల కోసం రెండు ముక్కలు. మార్నీది కెనడాలో విన్నిపెగ్. మూడేళ్ల కిందట ఐవిన్ అనే నెమ్మదస్తుడి వెంట ట్రోన్‌హైమ్ వచ్చి, నది ఒడ్డున చిన్న వాటాలో కాపురం పెట్టింది. పెళ్లి ఊసు వాళ్లిద్దరూ ఎత్తలేదు, ఆ ఊళ్లో ఎవరూ అడగనూ లేదు. శుక్రవారం వచ్చిందంటే "ఈ వారం నాకు నచ్చినవి" అని బ్లాగులో రాస్తుంది. వంతెన పక్క బేకరీలో ఏలకుల బన్ను, పాతసామాన్ల సంతలో దొరికిన ఉన్ని మేజోళ్లు, సైకిల్ తొక్కేవాళ్ల కాలిని వెనకనుంచి తోసి మెరక ఎక్కించే యంత్రం, చీకటిపడగానే ప్రతి కిటికీలో వెలిగే దీపం. పరాయి ఊళ్లో బతకడం ఎలా అని బెంగపెట్టుకున్నవాళ్లు వేలమంది అది చదువుతారు. రాసేదాని బెంగ కూడా అలాగే తీరింది.

జులై ఆఖర్లో ఐవిన్ తల్లి గున్‌వోర్ ఆమెను మార్కా అడవిలోకి తీసుకెళ్లింది. ముల్టే పళ్ల తావు చూపించింది. ముల్టే అంటే చిత్తడి నేలలో కాడకొక్కటే కాసి, పండితే తేనెరంగుకు తిరిగే పండు. క్రిస్మస్ రోజున మీగడలో ఆ పండు కలపకపోతే అక్కడివాళ్లకు పండగ కాదు. అంగట్లో కొనడం నామోషీ. చనిపోయిన భర్త తోర్లైఫ్ వాడిన నీలం ఎనామిల్ బకెట్‌ను మార్నీ చేతికిచ్చి, "ఇక నీది" అంది గున్‌వోర్. కన్నకొడుక్కి కూడా ఆ తావు చూపించలేదు. మార్నీ పొంగిపోయింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాబట్టి, ఆ శుక్రవారమే బ్లాగులో పెట్టేసింది, ఫొటోతో సహా.

మిగతాది ఊరే చూసుకుంది.

మర్నాడు మార్నీ ట్రామ్ ఎక్కి బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీటు ఖాళీ. ఆ ఊళ్లో జనం నిలబడతారు గాని, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోరు. వచ్చిన కొత్తలో, నా దగ్గర ఏమైనా వాసన వస్తోందా అని ఐవిన్‌ను అడిగింది కూడా. ఇప్పుడు తనకూ అదే హాయి. ముందు సీట్లో ఇద్దరు పడుచువాళ్లు కాళ్ల మధ్య ప్లాస్టిక్ బకెట్లు పెట్టుకుని, ఫోన్‌లో ఒక ఫొటో పెద్దది చేసి చూస్తున్నారు. నిలువునా రెండుగా చీలిన బండ, చీలికలోంచి లేచిన రోవన్ చెట్టు, వెనక గ్రోకాలెన్ కొండ. మార్నీ తీసిన ఫొటోనే.

"ఇంకా మిగిలుంటాయంటావా?"

"నిన్న మా ఆఫీసువాళ్లు నిండుగా తెచ్చారు. కాస్త ఎర్రగా ఉన్నాయట. ఇంట్లో పెడితే ముగ్గుతాయిలే."

ముగ్గవు. ముల్టే కాడ మీదే పండాలి, ఎర్రకాయ తుంచినవాడు దొంగకంటే కనాకష్టం అని గున్‌వోర్ చెప్పింది. మార్నీకి లేచి వెళ్లి ఆ మాట వాళ్లకు చెప్పాలనిపించింది. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? తన స్టాపు రాగానే తలవంచుకుని దిగిపోయింది. వాళ్లు చివరిదాకా వెళ్లారు.

గున్‌వోర్ ముప్పై ఏళ్లు దంతాల డాక్టరుగా ఊరందరి నోళ్లు తెరిపించింది. తన నోరు మాత్రం అవసరానికే తెరిచేది. తలుపు తీసి, "రా" అంది. మార్నీ బూట్లు విప్పి లోపలికి వెళ్లింది. బల్ల మీద వేడి వాఫిళ్లు, గోధుమరంగు చీజు, పుల్లమీగడ, వాటి పక్కన అంగట్లో కొన్న స్ట్రాబెర్రీ జామ్ సీసా, మూతమీద ధర చీటీ కూడా పీకకుండా.

మూడేళ్లలో ఆ బల్ల మీద ముల్టే జామ్ లేని రోజు లేదు. కోపమొస్తే కొందరు గిన్నెలు విసురుతారు. గున్‌వోర్ జామ్ మార్చింది.

"ఎండ బాగుంది," అంది గున్‌వోర్.

"బాగుంది అత్తయ్యా."

"రేపట్నుంచి వాన అంటున్నారు."

"అంటున్నారు."

మొదటి కప్పు కాఫీ అలాగే గడిచింది. రెండో కప్పు పోస్తూ గున్‌వోర్ అడిగింది. "బకెట్ తెచ్చావుగా?"

మార్నీ బకెట్ తీసి బల్లమీద పెట్టింది. శుభ్రంగా తోమి తుడిచి తెచ్చింది. తిరిగి ఇచ్చేయాల్సిన వస్తువును అంత శ్రద్ధగా తోమడం ఆమెకు ట్రామ్‌లోనే ఏడుపు తెప్పించింది.

"సోమవారం వెళ్లాను," అంది గున్‌వోర్. "ఈ మోకాళ్లతో, కూర్చుంటూ లేస్తూ. గొడ్లమంద పడినట్టుంది. నాచంతా తొక్కేశారు. పచ్చికాయలు కూడా వదల్లేదు. ఎవడో కాగితపు కప్పులు బండ చీలికలో కుక్కిపోయాడు."

"క్షమించండి అత్తయ్యా. రాసింది తీసేశాను. ఫొటో కూడా తీసేశాను."

"తీసేశావా? అయితే తుంచిన కాయలు మళ్లీ కాడలకు అంటుకుని ఉంటాయి."

తప్పు తనదే అయినా, మార్నీకి ఉక్రోషం ఆగలేదు. "ఎవరికీ చెప్పొద్దని మీరొక్క మాట అనుంటే చచ్చినా రాసేదాన్ని కాదు."

"చెప్పాలా?" గున్‌వోర్ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పక్కవాళ్ల సంచీలో చెయ్యి పెట్టొద్దని నీకెవరైనా చెప్పారా? చెప్పకుండానే తెలిసింది కదా. ఇదీ అంతే. ముల్టే తావు ఇక్కడ మొగుడికి పెళ్లాం చెప్పదు. ఎవరైనా అడిగితే అడవిలో అవతలి మూల చూపిస్తారు. పాస్టరు కూడా అబద్ధమే ఆడతాడు, దేవుడు కూడా పట్టించుకోడు."

"మా ఊళ్లో మంచిదేదైనా కనబడితే నలుగురికీ చెబుతాం అత్తయ్యా. చెప్పకపోతే పిసినారి అంటారు."

"మీ ఊళ్లో నేల బల్లపరుపు. ఎవడేం తింటున్నాడో పక్క ఊరికి కనిపిస్తుంది. ఇంక దాచడానికేముంది?"

ఇంకో రోజైతే మార్నీ పకపకా నవ్వేది, శుక్రవారం బ్లాగులో ఆ మాట పెట్టేది కూడా. ఇవాళ బకెట్ వంక చూస్తూ కూర్చుంది. ఆ ఊరు ఆమెను ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు. కానీ మర్యాద గడప దగ్గరే ఆగిపోయేది. మూడేళ్లలో లోపలికి రమ్మని గడప దాటించింది ఈ ఒక్క మనిషే. ఆ పిలుపును తన చేతులారా పాడుచేసుకుంది. బకెట్ ఆవిడ దగ్గరే ఉండిపోతే తను మళ్లీ అతిథే. ఆ సంగతి మార్నీకి తెలుసు, ఆవిడకీ తెలుసు.

"నాచుదేముంది, నాలుగైదేళ్లకు మళ్లీ లేస్తుంది," అంది గున్‌వోర్. కప్పు కింద పెట్టింది. "నా బాధ అది కాదు. ఫొటో సూల్వై చూసింది."

సూల్వై తోర్లైఫ్ చెల్లెలు. నది అవతల ఉంటుంది, చర్చి పాటల బృందంలో పాడుతుంది. మార్నీ ఆమెను రెండుమూడుసార్లు చూసింది. గుండ్రంగా, పొట్టిగా, గట్టిగా నవ్వే మనిషి.

"చూస్తే ఏమైంది?"

"ఆ తావు మా మామగారిది, తోర్లైఫ్ వాళ్ల నాన్నది. సూల్వై చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన ఒక్క గుర్తు చెప్పాడు, బండ చీలి చెట్టు మొలిచిన చోటు అని. పెద్దయ్యాక తీసుకెళ్తానన్నాడు. ఈలోగా కట్టెలు కొడుతూ కొడుతూ కూలిపోయాడు. తావు ఆయనతోనే పోయిందని అందరూ అనుకున్నారు. ఆ బండ కోసం సూల్వై ఎన్ని వేసవులు తిరిగిందో లెక్కలేదు. మార్కా అంతా కాళ్లరిగేలా తిరిగింది."

"మరి మామయ్యకెలా తెలుసు?"

"కొడుక్కి ముందే చూపించాడు. చెల్లెలికి చెబుదామని తోర్లైఫ్ అన్నాడు. నేనే ఆపాను. సూల్వైకి చెబితే పాటల బృందం అంతటికీ చెప్పినట్టే. అచ్చం నీలాగే, కడుపులో మాట దాగదు." గున్‌వోర్ చీజు ముక్క కోసింది గాని తినలేదు. "పళ్లు దూరాన ఉన్న నామ్దాలెన్ లోయ నుంచి తెస్తున్నామని చెప్పేవాళ్లం. ప్రతి ఆగస్టులోనూ ఒకరోజు కారేసుకుని ఎటో పోయి, సాయంత్రందాకా ఊళ్లో కనబడకుండా తిరిగొచ్చేవాళ్లం. అబద్ధానికి పెట్రోలు కూడా పోశాం."

మార్నీకి నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఒక క్రిస్మస్‌నాడు సూల్వై మీగడ తింటూ తింటూ, ఇది మా నాన్న తావుదే, నాకు రుచి తెలుసు అంది. కాదన్నాడు తోర్లైఫ్. దొంగా అంది. చెంచా పడేసి వెళ్లిపోయింది. మళ్లీ ఈ ఇంటి గడప తొక్కింది ఆయన పోయాకే. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ రాలేదు." కిటికీవైపు చూస్తూ అంది ఆ చివరిమాట. "ఇప్పుడు వస్తోంది. పొద్దున్నే ఫోన్ చేసింది. నిన్నూ ఉండమంది."

"నేనేం చెప్పాలి?"

"ఒక్కదానివే నడుస్తున్నావు. దారి తప్పావు. బండ కనిపించింది. అంతే." గున్‌వోర్ బకెట్‌ను బల్లమీదుగా మార్నీవైపు జరిపింది. "నీకది తేలికే. పరాయిదానివి, దారి తప్పావంటే ఎవరూ వింతపడరు. ఈ ఒక్కటీ కడుపులో పెట్టుకో. బకెట్ నీతోనే ఇంటికొస్తుంది."

పరాయిదానివి అన్న మాట ఒకపక్క, బకెట్ ఒకపక్క. మార్నీ ఏదీ అనకముందే గంట మోగింది.

సూల్వై వస్తూనే బూట్లు రెండు దిక్కులకు తన్ని, నడవలోంచే కేకేసింది. "ఎక్కడ ఆ బండ పిల్ల?" వచ్చి మార్నీని ఊపిరాడకుండా కావిలించుకుంది. ఆ దేశంలో అంత గట్టిగా మార్నీని ఎవరూ కావిలించుకోలేదు. తర్వాత కూర్చుని, అడక్కుండానే వాఫిల్ తీసుకుని, జామ్ సీసా వంక చూసింది.

"ఇదేంటి వదినా, కొట్లో జామ్ పెట్టావు? ఒంట్లో బాగాలేదా?"

"అయిపోయింది," అంది గున్‌వోర్.

సూల్వై ఫోన్ తీసి బల్లమీద పెట్టింది. మార్నీ తుడిచేసిన ఫొటో అందులో భద్రంగా ఉంది. చీలిన బండ మీద వేలుపెట్టి, ఆ వేలు తీయకుండానే మార్నీ కళ్లలోకి చూసింది. నవ్వు పోయింది.

"ఒక్కటే అడుగుతాను తల్లీ. నిన్నక్కడికి ఎవరు తీసుకెళ్లారు?"

మార్నీ గున్‌వోర్ వంక చూడలేదు. చూస్తే దొరికిపోతుంది. "ఎవరూ లేరు. దారి తప్పాను."

"నిజంగా?"

"నిజంగా. బండ కనిపించింది."

సూల్వై కళ్లు మెల్లగా నిండాయి. మార్నీ కోపానికి సిద్ధపడింది, తిట్లకు సిద్ధపడింది. కన్నీళ్లకు సిద్ధపడలేదు.

"అయితే అన్నయ్యకు తెలియదన్నమాట," అంది సూల్వై. "దారినపోయే పిల్లకు దొరికింది గాని మాకెవరికీ దొరకలేదు. అంతేగా? నేనేమో తెలిసే దాచాడనుకున్నాను. పండగపూట అందరి ముందూ దొంగా అన్నాను. వదినా, దొంగా అన్నాను నేను! ఆస్పత్రిలో పడి ఉన్నాడని తెలుసు. మాట కూడా పడిపోతోందని తెలుసు. పిలిస్తే పోదాం, తనే పిలవాలి అని పంతంపట్టి కూర్చున్నాను. పిలవకపోతే, చేసింది తప్పు కాబట్టి మొహం చెల్లలేదనుకున్నాను. పాపం, చెయ్యని తప్పుకు ఎందుకు పిలుస్తాడు? అంతా నాదే. నా పాడునోరుదే."

రుమాలు కోసం కోటు జేబులన్నీ వెతుక్కుంది. దొరక్క, బల్లమీది కాగితపు రుమాలుతో మొహం తుడుచుకుంది.

చిన్న అబద్ధమే అనుకుంది మార్నీ, పళ్ల గురించే కదా అనుకుంది. ఆ చిన్న అబద్ధం ఈ మనిషి నెత్తిన అన్నను చివరిచూపు చూడని పాపాన్ని పెట్టింది. బకెట్ ఎదురుగా నీలంగా మెరుస్తోంది. ఇప్పుడు నోరు విప్పితే బకెట్ పోతుంది, ఈ ఇల్లు పోతుంది. విప్పకపోతే ఈవిడ ఇలాగే ఏడుస్తూ ముసలిదైపోతుంది. గున్‌వోర్ వంక చూసింది. ఆవిడ తేలు కుట్టిన దొంగలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

"రేపు నన్ను తీసుకెళ్తావా?" సూల్వై మార్నీ చెయ్యి పట్టుకుంది. "పళ్లు వద్దు. అక్కడ కాసేపు కూర్చుంటాను, అంతే. అన్నయ్యతో మాట్లాడాలి."

"సూల్వై అత్తయ్యా," అంది మార్నీ. "నేను..."

గున్‌వోర్ లేచింది.

మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లింది. ఒక్కో మెట్టు మీద ఆగడం పైకి వినబడుతోంది. ఎక్కిరావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. వచ్చి, చేతిలోని గాజుసీసా మూత తిప్పి, దాన్ని సూల్వై ముందు పెట్టి, పక్కన చెంచా పెట్టింది. సీసా నిండా తేనెరంగు పళ్లు.

"అయిపోయిందన్నావుగా," అంది సూల్వై.

"అబద్ధం. తిను."

సూల్వై ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. గింజలు నమిలింది. మింగి, చెంచా వంక చూసింది. "నామ్దాలెన్‌వి?"

"నామ్దాలెన్‌లో ముల్టే ఎక్కడ కాస్తుందో నాకు తెలియదు," అంది గున్‌వోర్. "అక్కడ మేమెప్పుడూ కోయలేదు. ఈ పిల్ల దారి తప్పలేదు. నేనే తీసుకెళ్లాను. నాకు చూపించింది తోర్లైఫ్. ఆయనకు చూపించింది మీ నాన్న. నీకు చెప్పొద్దని పట్టుబట్టింది నేను."

మార్నీ ఊపిరి పీల్చుకుంది. గండం గడిచిందనుకుంది. ఇంక ఇద్దరూ అరుచుకుంటారు, తర్వాత ఏడుస్తారు, తర్వాత కాఫీ తాగుతారు అనుకుంది. విన్నిపెగ్‌లో అయితే అంతే.

సూల్వై అరవలేదు. ఫొటో వంక చూసింది, సీసా వంక చూసింది, చెంచాను బల్లమీద చప్పుడు కాకుండా పెట్టింది.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు," అంది నెమ్మదిగా, "అన్నయ్య నాకోసం అడిగాడా?"

ఒక్క "లేదు"తో ఆ రోజు గడిచిపోయేదే. గున్‌వోర్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్లూ అబద్ధాన్ని కారులో ఎక్కించుకుని తిప్పిన మనిషికి ఆ చిన్నమాట నోట రాలేదు.

"అడిగాడు. సూల్వైని పిలువు, తావు చెప్పాలి అన్నాడు. మాట ఉన్నన్నాళ్లూ అదే అన్నాడు. నేను పిలవలేదు."

సూల్వై లేచింది. కోటు తొడుక్కుంది. బల్లమీది నీలం బకెట్‌ను, అది ఎప్పుడూ తనదే అన్నట్టు, పిడి పట్టుకుని తీసుకుంది. నడవలో చెరోదిక్కున పడ్డ బూట్లు వెతికి తొడుక్కుని, తలుపు బార్లా తీసి, వెనక్కి తిరిగింది. చూసింది వదినను కాదు, మార్నీని.

"రేపు కాదు. ఇప్పుడే. దారి నువ్వు చూపించు. ఆవిడ రానక్కర్లేదు."

గున్‌వోర్ వెళ్లమనలేదు, ఉండమనలేదు. బల్లమీది కప్పులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది. కిందపడకుండా, ఎంతో జాగ్రత్తగా.

మార్నీ నడవలోకి వచ్చి ఒక బూటు తొడుక్కుంది. లోపల కప్పుల చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలో సూల్వై ఎదురుచూస్తోంది. రెండో బూటు మార్నీ చేతిలోనే ఉంది.